ఓట్లన్నీ గెలిచి సంతకం దగ్గర ఆగిన బిల్లు: కాలిఫోర్నియా ఎస్‌బీ 403 వెంట ఎనిమిది నెలలు

సెనేట్‌లో 34–1. అసెంబ్లీలో 55–3. మళ్ళీ సెనేట్‌లో 31–5. ఈ అంకెలు మాత్రమే చూసినవాళ్ళు ఎస్‌బీ 403 (సెనేట్ బిల్లు 403) ఎప్పుడో చట్టమైపోయి ఉంటుందనుకుంటారు. కాలేదు. 2023 అక్టోబర్ 7న గవర్నర్ గావిన్ న్యూసమ్ దాన్ని వీటో చేశారు. కులం పేరుతో వివక్ష చూపకూడదని రాష్ట్ర చట్టంలో ఆ మాట పెట్టి మరీ రాయించాలని సెనేటర్ ఐషా వహాబ్ తెచ్చిన బిల్లు ఇది. గట్టెక్కి ఉంటే అమెరికాలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం కాలిఫోర్నియా అయ్యేది.

నేను చేసేది లెజిస్లేటివ్ ట్రాకింగ్. ఏ బిల్లు ఏ మెట్టు మీద ఉంది, అది పాసైతే ఏం మార్చుకోవాలి, ఎప్పటిలోగా మార్చుకోవాలి అన్నది కంపెనీల హెచ్‌ఆర్ వాళ్ళకు, వాళ్ళ లాయర్లకు చెప్పడం నా పని. ఆ ఏడాది నా షీట్‌లో ఉన్న బిల్లులన్నిటిలో ఎక్కువ ఫోన్లు వచ్చింది దీని గురించే. అందులోనూ తెలుగువాళ్ళ ఫోన్లే ఎక్కువ. వాళ్ళందరూ అడిగింది ఒకటే: పాసవుతుందా, అవదా? ట్రాకర్‌ని అడగాల్సిన ప్రశ్న అది కాదు, బిల్లు పాఠంలో ఏం మారింది అని అడగాలి. ఈ బిల్లు అసలు మలుపు తిరిగింది ఏ ఓటింగ్‌లోనూ కాదు, అసెంబ్లీ కమిటీ దగ్గర జరిగిన ఒక సవరణలో.

బిల్లు ఎక్కడి నుంచి వచ్చింది

మన దగ్గర బిల్లు అంటే ప్రభుత్వం పెట్టేదే. ఎమ్మెల్యే సొంతంగా పెట్టిన బిల్లు పాసైందని వినం. పార్లమెంటులోనైతే ప్రైవేటు మెంబరు బిల్లులు ఇప్పటిదాకా 14 మాత్రమే గట్టెక్కాయి, ఆఖరిది 1970లో. కాలిఫోర్నియాలో అలా కాదు. గవర్నర్ సభలో సభ్యుడు కాడు, మంత్రులు వచ్చి బిల్లు పెట్టరు. బిల్లుకు ఒక శాసనసభ్యుడి పేరో, సభా కమిటీ పేరో ఉండాల్సిందే. అందుకే ఇక్కడ బిల్లును ట్రాక్ చేయడమంటే, సగం ఆ సభ్యుణ్ణి ట్రాక్ చేయడమే. ఎవరు, ఏ నియోజకవర్గం, ఏ కమిటీల్లో ఉన్నారు, ఎవరికి జవాబు చెప్పుకోవాలి, ఇవన్నీ చూసుకోవాలి.

వహాబ్ 2022 నవంబర్‌లో పదో సెనేట్ జిల్లా నుంచి గెలిచారు. కాలిఫోర్నియా శాసనసభకు ఎన్నికైన మొదటి ముస్లిం, మొదటి అఫ్గాన్ అమెరికన్ ఆమే. హేవర్డ్, ఫ్రీమాంట్, మిల్పీటస్ ఆ జిల్లాలోవే. ఆ ఊళ్ళ పేర్లు చెబితే తెలుగువాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరి తమ్ముడో, మేనకోడలో అక్కడ ఉంటారు. అంటే బిల్లు పెట్టిన మనిషి ఓటర్లలోనే దాన్ని గట్టిగా కోరేవాళ్ళూ ఉన్నారు, అంతే గట్టిగా వద్దనేవాళ్ళూ ఉన్నారు. బిల్లు నడుస్తుండగానే ఆమెను రీకాల్ చేయాలని, అంటే ఓటర్లే పదవి నుంచి దించాలని, కొందరు సంతకాల ప్రయత్నం కూడా మొదలుపెట్టారు.

నేపథ్యంలో ఇంకో రెండు సంగతులున్నాయి. 2020 జూన్‌లో రాష్ట్ర పౌర హక్కుల విభాగం సిస్కో మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజనీరు మీద కులవివక్ష చూపారన్నది ఆరోపణ, కంపెనీ దాన్ని కాదంది. 2023 ఏప్రిల్‌లో ఆ కేసులోంచి ఇద్దరు ఇంజనీర్ల పేర్లను ఆ విభాగమే తీసేసింది, కంపెనీ మీద మాత్రం కొనసాగించింది. బిల్లు కమిటీ ముందుకొచ్చిందీ ఆ నెలలోనే, కాబట్టి ఇరుపక్షాల వాదనల్లోనూ ఆ కేసు వచ్చింది. రెండోది వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్. 2023 ఫిబ్రవరి 21న కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్ ప్రతిపాదనతో అక్కడి నగర కౌన్సిల్ 6–1 ఓట్లతో కులవివక్షను నిషేధించింది. నగరంలో అయింది రాష్ట్రంలో ఎందుకు కాదన్న ఊపు అక్కడి నుంచే వచ్చింది.

మొదటి పేజీలో ఏం చూడాలి

ఎస్‌బీ 403కి ఫిబ్రవరి 9నే నంబరు పడింది. జనానికి తెలిసింది మాత్రం మార్చి 22న, వహాబ్ ప్రెస్ ముందుకు వచ్చి ప్రకటించాక. ఇలాంటి ఎడం ఇక్కడ మామూలే. ఫిబ్రవరి గడువు దాటితే కొత్త బిల్లు పెట్టడానికి వీలుండదు కాబట్టి చాలామంది సభ్యులు ముందు ఒక నంబరు తీసి పెట్టుకుంటారు, అసలు సరుకు తర్వాత నింపుతారు. అందుకే ఫిబ్రవరిలో ఒకసారి చదివి ‘మనకు సంబంధం లేదు’ అని పక్కన పెట్టిన బిల్లునైనా మార్చి చివర్లో మళ్ళీ తెరిచి చూడాలి.

బిల్లు మొదట్లో శాసనసభ న్యాయ సలహాదారుల ఆఫీసు (లెజిస్లేటివ్ కౌన్సెల్) రాసిన సారాంశం ఉంటుంది, డైజెస్ట్ అంటారు. దాన్ని అందరూ చదువుతారు. దాని అడుగున ఒక చిన్న వరుస ఉంటుంది, అది మాత్రం ఎవరూ చూడరు. పాస్ కావడానికి మామూలు మెజారిటీ చాలా, మూడింట రెండొంతులు కావాలా? నిధుల కేటాయింపు ఉందా? ఖర్చులు లెక్కచూసే ఫిస్కల్ కమిటీకి వెళ్ళాలా? స్థానిక సంస్థల మీద భారం పడుతుందా? ఈ నాలుగు ముక్కలతోనే బిల్లు ప్రయాణం సగం తెలిసిపోతుంది. ఫిస్కల్ కమిటీ అన్నచోట ‘అవును’ అని ఉంటే విధాన కమిటీ దాటాక అప్రోప్రియేషన్స్ కమిటీ అనే ఇంకో గడప ఉన్నట్టు.

ఆ గడప దగ్గరే సస్పెన్స్ ఫైల్ అని ఒకటుంటుంది, పేరుకు తగ్గదే. ఖర్చు ఒక మోతాదు దాటే బిల్లులన్నిటినీ అందులో వేసి, ఏడాదికి రెండుసార్లు ఒకే పూటలో తేల్చేస్తారు. ఎందుకు ఆపారో చెప్పరు, అక్కడ చర్చ ఉండదు. కాలిఫోర్నియాలో చాలా బిల్లులు చప్పుడు లేకుండా పోయేది అక్కడే. ఎస్‌బీ 403 ఆ గండంలో పడలేదు. రెండు సభల్లోనూ సస్పెన్స్ విచారణల తేదీకి ముందే ఫ్లోర్ మీద, అంటే సభ మొత్తం ముందు, ఓటింగ్ అయిపోయింది.

ఏప్రిల్ 25, శాక్రమెంటో

రాష్ట్ర రాజధానిలో సెనేట్ జ్యుడీషియరీ (న్యాయ వ్యవహారాల) కమిటీలో విచారణ. ఇక్కడ పద్ధతేమిటంటే, ఒక్కో పక్షానికి ప్రధాన సాక్షులు ఇద్దరేసి, వాళ్ళకు నిమిషాల లెక్కన సమయం. మిగతావాళ్ళంతా వరుసలో మైకు దగ్గరికి వచ్చి పేరు, ఊరు, సంస్థ ఉంటే సంస్థ, మద్దతో వ్యతిరేకమో చెప్పి పక్కకు తప్పుకోవాలి. కథ చెప్పబోతే చైర్ ఆపేస్తారు. ఆ రోజు క్యూ కారిడార్‌లోకి పోయింది. తెల్లవారకముందే బే ఏరియా నుంచి బయల్దేరి వచ్చి, గంటల తరబడి నిలబడి, మైకు దగ్గర నాలుగు సెకన్లు మాట్లాడి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది. రెండు వైపులా మనవాళ్ళున్నారు. పేరు, ‘సన్నీవేల్’, ‘సపోర్ట్’. ఇంకో పేరు, అదే ‘సన్నీవేల్’, ‘అపోజ్’. ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్ళు ఒకరినొకరు చూసుకుని తలదించుకున్న సందర్భాలూ చూశాను.

మద్దతుదారుల్లో దళిత హక్కుల సంస్థ ఈక్వాలిటీ ల్యాబ్స్, సెంట్రల్ వ్యాలీలో గురు రవిదాస్‌ను కొలిచే రవిదాసీయ సంఘాలు ముందున్నాయి. వ్యతిరేకించినవాళ్ళలో హిందూ అమెరికన్ ఫౌండేషన్, కోహ్నా (ఉత్తర అమెరికా హిందువుల కూటమి) ముఖ్యమైనవి. కులవివక్షను తాము సమర్థించడం లేదని, ఆ మాట చట్టంలో పెడితే ఒక్క దక్షిణాసియా వాళ్ళనే వేలెత్తి చూపినట్టవుతుందని వాళ్ళు వాదించారు. కమిటీలో ఒక్క వ్యతిరేక ఓటూ పడలేదు. మే 11న సెనేట్ 34–1తో పంపేసింది.

ఆ సాయంత్రం నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావుడి. ‘చట్టమైపోయింది, రేపట్నించి ఆఫీసులో ఇంటిపేరు అడిగినా కేసే’ అని ఫార్వర్డ్‌లు. ఒక తమ్ముడు ఫోన్ చేశాడు, వాళ్ళది కరీంనగర్.

‘అన్నా, బిల్లు పాసైందట గదా. ఇగ మనం గెట్‌టుగెదర్‌లు బంద్ పెట్టుకోవాల్నా?’

‘ఇంకా సగం దారి కూడా కాలేదు తమ్ముడూ. అసెంబ్లీ ఉంది, గవర్నర్ ఉన్నడు. ముందు బిల్లు చదివినవా?’

‘చదువుడెందుకన్నా, గ్రూపుల పెట్టిన్రు గదా.’

ట్రాకింగ్ పనికి గిరాకీ ఎందుకో ఆ ఒక్క మాట చెబుతుంది.

సవరణ

ఇక అసలు విషయం. శాసనసభ అధికారిక సైట్‌లో ఒకే బిల్లుకు చెందిన రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి చూసే సౌకర్యం ఉంది. తీసేసింది కొట్టివేతతో, చేర్చింది వేరే రంగులో కనిపిస్తాయి. నేను ఓట్ల పేజీ కన్నా ఈ పేజీని ఎక్కువ సార్లు తెరుస్తాను.

మొదటి రూపంలో బిల్లు చేసింది సూటిగా ఉంది. జాతి, రంగు, మతం, లింగం, వంశమూలం, జాతీయ మూలం ఇలా చట్టం రక్షించే అంశాల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో ‘కులం’ ఒక విడి అంశంగా చేరింది. వ్యాపారాలకు వర్తించే అన్రూ పౌర హక్కుల చట్టంలో, ఉద్యోగాలూ అద్దె ఇళ్ళకు వర్తించే చట్టంలో, విద్యా చట్టంలో ఈ మార్పు చేయాలన్నది ప్రతిపాదన.

జూలై 5న అసెంబ్లీ జ్యుడీషియరీ కమిటీ ముందుకు వచ్చేనాటికి పాఠం మారింది. జాబితాలో విడి అంశంగా ఉన్న కులం పోయింది. దాని బదులు, జాబితాలో ఎప్పటి నుంచో ఉన్న ‘ఆన్సెస్ట్రీ’ అనే మాటకు ఒక నిర్వచనం చేర్చారు. వంశమూలం అంటే వంశపరంపర, వారసత్వం, తల్లిదండ్రులు, కులం, పుట్టుకతో వచ్చే సామాజిక హోదా అన్నీ దాని కిందికే వస్తాయన్నారు. కులానికీ విడిగా నిర్వచనం రాశారు. పుట్టుకతో అంటుకునే హోదా మీద నిలబడ్డ సామాజిక అంతరాల వ్యవస్థలో ఒక మనిషికి ఉందని ఇతరులు అనుకునే స్థానం అన్నది దాని సారాంశం. ఆ హోదాను మార్చుకోలేకపోవడం, పెళ్ళిళ్ళ మీద ఆంక్షలు, వేరుగా ఉంచడం, వెలివేయడం లాంటి గుర్తులు అందులో ఉన్నాయి. ఏ మతం పేరూ లేదు, ఏ దేశం పేరూ లేదు.

పైకి చూస్తే ఇది రాజీ. వ్యతిరేకుల అభ్యంతరాన్ని కొంత తగ్గించింది, మద్దతుదారులకు కావలసిన మాట పోకుండా కాపాడింది. ఆ కమిటీలోనూ వ్యతిరేక ఓటు పడలేదు. కానీ చట్టం దృష్టిలో చాలా పెద్ద మార్పు జరిగింది. జాబితాలో కొత్త అంశం చేర్చడమంటే, ఇప్పటిదాకా లేని రక్షణ ఇస్తున్నామని చెప్పడం. ఉన్న అంశానికి నిర్వచనం రాయడమంటే, ఈ రక్షణ ముందు నుంచీ ఉన్నదే, స్పష్టం చేస్తున్నాం అంతే అని ఒప్పుకోవడం. మద్దతుదారులు కూడా ఆ తర్వాత ఇదే మాట గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు, కోర్టు దృష్టితో చూస్తే అది వాళ్ళకు బలం కూడా. అయితే గవర్నర్ చేతికి ఒక సులువైన దారి కూడా దొరికింది. ‘ముందు నుంచీ ఉన్నదే’ అయితే, మళ్ళీ రాయడం ఎందుకు?

సవరణ పాఠం చదివిన రోజే షీట్‌లో ఈ బిల్లుకు ఎదురుగా ఉన్న ‘కొత్త బాధ్యత’ అన్న గుర్తు తీసేసి ‘స్పష్టీకరణ’ అని పెట్టాను. క్లయింట్లకు పంపిన నోట్‌లో రెండు దారులూ రాశాను. సంతకమైతే: కులం మాట చట్టంలో కనిపిస్తుంది, కంపెనీ పాలసీలో చేర్చాలి. సంతకం కాకపోతే: వంశమూలం కింద ఫిర్యాదు చేసే దారి ఇవాళ ఉన్నట్టే రేపూ ఉంటుంది. ఈ రెండింటిలో ఏది జరిగినా మేనేజర్ల ట్రైనింగ్ మాత్రం ఒకటే. కాబట్టి దాన్ని అక్టోబర్ దాకా ఆపాల్సిన పని లేదు.

ఫ్రీమాంట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీ హెచ్‌ఆర్ హెడ్, గుంటూరు ఆవిడ, నోట్ చదివి ఫోన్ చేశారు. ‘అంటే ఏమండీ, బిల్లు పాసైనా కాకపోయినా మాకు పని తప్పదంటారు?’ అన్నారు. ‘తప్పదండీ, ఇప్పుడే మొదలుపెడితే టెన్షన్ తగ్గుతుంది’ అన్నాను. ఆవిడ ఆగస్టులోనే మొదలుపెట్టారు. ఇంటర్వ్యూల్లో ‘మీది ఏ ఊరు, మీ ఇంటిపేరు ఏ తాలూకా’ అని కూపీ లాగడం, లంచ్ దగ్గర ‘మీరు వెజిటేరియనేనా’ అని ఓరగా అడగడం లాంటివి ట్రైనింగ్‌లో ఉదాహరణలుగా పెట్టించారు. వేరే దేశం వాళ్ళకు ఇవి మామూలు కబుర్లలా వినిపిస్తాయి. అక్కడ కూర్చున్న తెలుగువాళ్ళకు విడమర్చి చెప్పాల్సిన పని పడలేదట.

ఫ్లోర్ మీద, తర్వాత బల్ల మీద

ఆగస్టు 28న అసెంబ్లీలో ఓటింగ్. ఆ రోజు వార్తల్లో 50–3 అని వచ్చింది, రికార్డులో 55–3 అని ఉంది. వార్తలు తప్పు రాయలేదు. ఫలితం మారనంత వరకు, ఆ రోజు సభ ముగిసేలోపు సభ్యులు తమ ఓటు చేర్చుకోవచ్చు. కాబట్టి అంకె రాసుకోవడానికి మర్నాటి దాకా ఆగడం మంచిది.

అసెంబ్లీలో పాఠం మారింది కాబట్టి బిల్లు మళ్ళీ సెనేట్‌కు పోవాలి. దీన్ని కన్‌కరెన్స్ అంటారు. 2016లో ఓటర్లు ఆమోదించిన నిబంధన ప్రకారం ఆఖరి పాఠం 72 గంటలు అందరికీ అందుబాటులో ఉన్నాకే ఓటింగ్ పెట్టాలి. సెప్టెంబర్ 5న 31–5తో ఆ మెట్టు కూడా దాటింది. మేలో ఒక్కటే ఉన్న వ్యతిరేక ఓటు ఐదైంది. చిన్న మార్పే, కానీ నాలుగు నెలల్లో గాలి ఎటు వీస్తోందో అందులో కొంత తెలుస్తుంది.

ఆ తర్వాత బిల్లు గవర్నర్ బల్ల మీదికి వెళ్ళింది. ట్రాకింగ్‌లో ఇది అన్నిటికన్నా చీకటి దశ. కమిటీ ఉండదు, విశ్లేషణ పత్రాలు బయటికి రావు, ఎవరు ఎవర్ని కలుస్తున్నారో కనబడదు. బయట కనబడేవి ఉత్తరాలు, ధర్నాలు. మద్దతుదారులు శాక్రమెంటోలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. వ్యతిరేకులు ఫోన్ కాల్స్‌తో, వినతిపత్రాలతో గవర్నర్ ఆఫీసును ముంచెత్తారు. తేదీ ఒక్కటే గట్టిగా తెలుసు. సభలు సెప్టెంబర్ 14న ముగిశాయి, 30 రోజుల్లోపు గవర్నర్ తేల్చాలి. అక్టోబర్ 14 దాటితే, సంతకం లేకపోయినా బిల్లు చట్టమైపోతుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో, తెలంగాణ గవర్నర్ దగ్గర ఆగిపోయిన బిల్లుల కేసులో మన సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని ‘వీలైనంత త్వరగా’ అనే మాటకు అర్థం ఉందని గుర్తుచేయాల్సి వచ్చింది. ఆ లెక్కన ఇక్కడి గడువు ట్రాకర్‌కు పెద్ద ఊరట. క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని కూర్చోవచ్చు.

ఈలోగా సెప్టెంబర్ 28న సెంట్రల్ వ్యాలీలోని ఫ్రెస్నో నగర కౌన్సిల్ తన పరిధిలో కులవివక్షను నిషేధించింది. రాష్ట్ర బిల్లుల షీట్‌లో ఇలాంటివి ఎక్కడా కనిపించవు. సెంట్రల్ వ్యాలీలో బ్రాంచి ఉన్న క్లయింట్లకు విడిగా ఫోన్లు చేయాల్సి వచ్చింది.

అక్టోబర్ 7, శనివారం. వీటో సందేశం చాలా పొట్టిది. లింగం, జాతి, రంగు, మతం, వంశమూలం, జాతీయ మూలం లాంటి వాటి ఆధారంగా వివక్షను కాలిఫోర్నియా ఇప్పటికే నిషేధించింది, ఈ రక్షణలను ఉదారంగా అన్వయించాలని చట్టమే చెబుతోంది, కులవివక్ష ఇప్పటికే వీటి కిందికి వస్తుంది కాబట్టి ఈ బిల్లు అనవసరం అన్నారు. ‘కులవివక్ష లేదు’ అనలేదు. ‘నిషేధించకూడదు’ అని కూడా అనలేదు. జూలై సవరణలోని తర్కాన్నే తిప్పి వీటోకు కారణంగా రాశారు.

అందుకే ఆ సందేశాన్ని రెండు పక్షాలూ గెలుపు కాగితంలా పట్టుకు తిరిగాయి. చట్టం రాలేదని ఒకరు, కులవివక్ష ఇప్పటికే నిషిద్ధమని గవర్నరే రాసిచ్చారని ఇంకొకరు. హెచ్‌ఆర్ దృష్టితో చూస్తే రెండో వాక్యమే పనికొచ్చేది. వీటో సందేశం చట్టం కాదు, కోర్టును కట్టిపడేయదు. కానీ రేపు ఎవరైనా వంశమూలం కింద ఫిర్యాదు చేస్తే, వాళ్ళ తరఫు లాయర్ మొదట బల్ల మీద పెట్టే కాగితాల్లో అదొకటి అవుతుంది. గుంటూరు ఆవిడ కంపెనీ ఆగస్టులో మార్చిన పాలసీలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోలేదు.

ఆ ఏడాది న్యూసమ్ దగ్గరికి 1,046 బిల్లులు వెళ్ళాయి. 890 మీద సంతకం పెట్టారు, 156 వీటో చేశారు. అంటే దాదాపు ఏడింట ఒకటి పోయింది. సొంత పార్టీకే రెండు సభల్లోనూ భారీ మెజారిటీ ఉన్నచోట ఇది తక్కువేం కాదు. ‘రెండు సభలూ దాటింది కదా’ అని ధీమాగా ఉండేవాళ్ళకు నేను చూపించే లెక్క ఇదే.

వీటో తర్వాత సైట్‌లో ఎస్‌బీ 403 పక్కన ‘గవర్నర్ వీటో పరిశీలన పెండింగ్’ అనే అర్థంలో ఒక వాక్యం వచ్చింది. దాంతో మళ్ళీ ఫోన్లు. కరీంనగర్ తమ్ముడే ముందు: ‘అన్నా, ఇంకా పెండింగ్ అంట గదా, మల్ల లేస్తదా?’ అడగడంలో తప్పేం లేదు, ఎందుకంటే లెక్క ప్రకారం కుదురుతుంది. వీటోను తోసిపుచ్చాలంటే మూడింట రెండొంతులు కావాలి, సెనేట్‌లో 27, అసెంబ్లీలో 54. ఈ బిల్లుకు పడ్డవి 31, 55. కాగితం మీద సరిపోయాయి. కానీ కాలిఫోర్నియా శాసనసభ ఒక గవర్నర్ వీటోను తోసిపుచ్చి నలభై ఏళ్ళు దాటింది. బిల్లుకు ఓటేసిన సభ్యుడు సొంత పార్టీ గవర్నర్ మాట కాదనడానికి కూడా ఓటేస్తాడని అనుకోలేం. ఆ వాక్యం ప్రతి వీటో బిల్లు పక్కనా వస్తుంది, గడువు అయ్యాక ఫైల్లోంచి కొట్టేస్తారు. ‘లేవదు తమ్ముడూ’ అన్నాను. ‘మరి గ్రూపుల పెట్టాల్నా?’ అన్నాడు. వీటో సందేశం పూర్తి పాఠం పంపి, అదే పెట్టమన్నాను.